సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు

2012 మే నెలలో గింప్ 2.8 వచ్చినప్పుడు దాన్ని వాడేవాళ్ళు చేసిన గోల గుర్తుందా? గొడవంతా కంట్రోల్-ఎస్ గురించి! అంతకుముందు ఫైలు పేరు చివర జేపెగ్ అని పెడితే చాలు, సేవ్ అయిపోయేది. 2.8 నుంచి సేవ్ అంటే గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్ మాత్రమే. జేపెగ్, పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ అని వేరే దారి. ఉన్న పనిని రెట్టింపు చేశారని జనం తిట్టిపోశారు. పాత పద్ధతిని వెనక్కి తెచ్చే ప్లగిన్లు కూడా రాసుకున్నారు. నా ఓటు మాత్రం గింప్ వాళ్ళకే.

అసలీ తంటా లేయర్లతో మొదలైంది. 1990లో వచ్చిన ఫోటోషాప్ 1.0లో అవి లేవు. బొమ్మ మీద అక్షరాలు పెడితే ఆ పిక్సెళ్ళలో కలిసిపోయేవి, అంతే. 1994లో 3.0తో లేయర్లు వచ్చాయి. వెనక రంగు, బొమ్మ, అక్షరాలు దేనికదే విడి. బర్కిలీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టిన గింప్ కూడా 1998లో 1.0 అయ్యేసరికి లేయర్లు నేర్చేసుకుంది.

కానీ బ్రౌజర్‌కి ఇవేవీ అక్కర్లేదు కదా! 1987 నాటి జిఫ్, 1992 నాటి జేపెగ్, 1996లో డబ్ల్యూ3సీ ఆమోదించిన పీఎన్‌జీ... వీటిలో దేంట్లోనూ లేయర్లు దాచుకునే చోటు లేదు. కాబట్టి మార్చేటప్పుడు అన్నిటినీ కలిపి ఒకే బొమ్మ చేయాలి. పారదర్శకత సంగతీ అంతే. పీఎన్‌జీలో సగం కనిపించే పిక్సెల్ కూడా ఉండొచ్చు. జిఫ్‌లో ఉంటే ఉంది, లేకపోతే లేదు. జేపెగ్‌లో అసలుకే లేదు, ఖాళీ చోట ఏదో ఒక రంగు నింపాల్సిందే.

రుబ్బిన పిండిలోంచి మినప్పప్పు వెనక్కి రాదు. పాత గింప్ జేపెగ్‌గా సేవ్ చేసే ముందు లేయర్లు కలిపేస్తున్నానని చెప్పేది నిజమే, మనం చదవకుండా నొక్కేసేవాళ్ళం. ఆ తర్వాత విండో మూసేస్తే మాత్రం కిక్కురుమనేది కాదు. దాని లెక్కలో ఫైలు సేవ్ అయిపోయింది మరి! 2.8 నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినా సరే, ఎక్స్‌సీఎఫ్ సేవ్ చేయకుండా మూయబోతే ఆపి అడుగుతుంది.

మన భాషలో చెప్పాలంటే ఎక్స్‌సీఎఫ్, పీఎస్‌డీ సోర్స్ కోడ్, జేపెగ్ బిల్డ్. సోర్స్ పారేసి ఈఎక్స్ఈ ఒక్కటే చెకిన్ చేసేవాణ్ణి టీమ్‌లో ఉంచుకుంటామా? బొమ్మల దగ్గరికొచ్చేసరికి అందరం అదే పని చేస్తాం. నేను చూసిన ఒక ప్రాజెక్టులో బ్యానర్ మీద తెలుగు అక్షరం ఒకటి తప్పు పడింది. దిద్దాల్సింది ఒక్క గుణింతం. డిజైనర్ ఉద్యోగం మారిపోయాడు, మిగిలింది జేపెగ్ ఒక్కటే. మొత్తం బ్యానర్ మళ్ళీ మొదట్నుంచీ చేశారు.

ఇంకో తమాషా. 2021లో ఫోటోషాప్ 22.4 కూడా "సేవ్ ఎ కాపీ" అని వేరే మెనూ పెట్టింది, లేయర్లున్న ఫైలుని జేపెగ్ చేయాలంటే అందులోకే వెళ్ళాలి. అక్కడా అదే గోల! కొద్ది రోజులకే పాత పద్ధతి కావాలనుకునేవాళ్ళ కోసం ప్రిఫరెన్సెస్‌లో ఒక ఆప్షన్ ఇచ్చారు.

అలవాటుకి అడ్డొచ్చిందని తిట్టుకోవడం తేలికే. కానీ పోయిన లేయర్ని ఏ ప్లగిన్ తెచ్చిస్తుంది, మీరే చెప్పండి?