దేగ్ అడుగు పొర: విశాఖ గొట్టాల తారీఖ్

మా అబ్బా పాతికేళ్లు విశాఖలో షట్‌డౌన్ పనులకే వెళ్లారు, రకరకాల కాంట్రాక్టర్ల కింద, రోజుకూలీకి. కార్ఖానా ఆగిన రోజుల్లో హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల కట్టను క్రేన్‌తో బయటికి లాగుతారు. లోపల గట్టిపడిన మడ్డినీ, ఉప్పునూ నీటి జెట్‌తో కొట్టి వదిలించడం ఆయన మెహనత్. దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా చేతుల్లోంచి ముడిచమురు వాసన పోయేది కాదు. "గొట్టం పూడితే వేడి దాటదు బేటా" అనేవారు.

వేడి దాటించడానికి కరెంటు పనికొస్తుందన్న ఖయాల్ పాతదే. 1709లో ఇంగ్లండులో హాక్స్‌బీ అనే ఆయన రుద్దిన గాజుగొట్టాన్ని ముఖం దగ్గర పెట్టుకుంటే సన్నగా గాలి తగిలినట్టుందని రాశాడు. 1916లో చబ్ ద్రవాలను వేడిచేసే పద్ధతికి ఇదే సూత్రంతో బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. 1931లో జర్మనీలో సెన్‌ఫ్ట్‌లెబెన్ వాయువుల మీద పరీక్షించి చూశాడు.

సంగతి మన వంటింటిదే. షీర్ ఖుర్మా కలపకపోతే దేగ్ అడుగున పాల పొర కదలకుండా నిలిచి మాడుతుంది. గొట్టం గోడ దగ్గరా అలాంటి కదలని పలచటి పొర ఉంటుంది, వేడికి అడ్డం అదే. వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం ఆ పొరను లాగి చెదరగొడుతుంది. గరిటె లేకుండా కలిపినట్టు. కరెంటు ఖర్చు మాత్రం చాలా స్వల్పం.

మరి సముద్రం ఒడ్డున ఇన్ని ఎక్స్‌ఛేంజర్లున్న మన ఊళ్లో ఇది ఎందుకు కనపడదు? ఈ హునర్ నూనెలు, ఫ్రిజ్ వాయువుల వంటి కరెంటు పారని ద్రవాల్లోనే చెల్లుతుంది. ఉప్పునీటిలో పెడితే కరెంటు ఊరికే పారిపోతుంది, క్షేత్రం నిలవదు.

అయితే అదే క్షేత్రం వేరే దారిలో ఇక్కడికి వచ్చింది. 1911లో అమెరికాలో కాట్రెల్, స్పీడ్ అనే ఇద్దరు ముడిచమురులోని నీటిని కరెంటుతో విడదీయడానికి పేటెంట్లు పొందారు. 1933లో రేవు తెరుచుకున్న విశాఖకు 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, ఇప్పటి హెచ్‌పీసీఎల్. రిఫైనరీలో చమురును సుమారు 130 డిగ్రీలకు వేడిచేసి, కాస్త మంచినీళ్లు కలిపి డీసాల్టర్‌లోకి పంపుతారు. అక్కడ క్షేత్రం ఉప్పు కరిగిన నీటి బిందువుల్ని ఒకదానికొకటి అతికిస్తుంది, అవి బరువెక్కి కిందికి దిగుతాయి. ఉప్పు పోయిన చమురు తర్వాతి ఎక్స్‌ఛేంజర్లను అంత త్వరగా పూడ్చదు, తినదు కూడా.

ఉక్కు కార్ఖానాలో (1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేసింది) పొగలోని ధూళిని పట్టే యంత్రాలూ కాట్రెల్ మొదలుపెట్టిన దారివే. ఎర్రటి కోక్ మీద నీళ్లు కుమ్మరించకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి తీసే పద్ధతి మన దేశంలో మొదట అక్కడే వచ్చింది. అందులో విద్యుత్ క్షేత్రం లేదు గానీ, ఆ ఖిస్సా విడిగా రాయాలి.

మొన్న అబ్బాకి డీసాల్టర్ సంగతి ఖుషీగా చెప్పాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టారు.

"తెలుసు బేటా. అది బాగా నడిచిన ఏడాది మా గొట్టాలు శుభ్రంగా వచ్చేవి. ఇరవై రోజుల పని పన్నెండు రోజులకే అయిపోయేది. ఆ ఏడాది మీ ఫీజుకి మీ అమ్మీ గాజులు తాకట్టు పెట్టాం."