మూడవ తీగ: ఉత్తరాంధ్ర గృహ విద్యుద్భద్రతా చరిత్రలో ఎర్తింగ్

వ్యాససంగ్రహం
శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల విద్యుదీకరణ చరిత్ర సాధారణంగా ఉత్పత్తి కేంద్రాల, కనెక్షన్ల చరిత్రగానే కనిపిస్తుంది. మీటరు నుంచి గోడ సాకెట్ వరకు సాగవలసిన ఎర్త్ తీగను నిబంధనల వెలుగులో పరిశీలించడం, చక్రాలపై కదిలే వాహన గృహంతో పోల్చి దాని ప్రాధాన్యాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం
ఒడిశా సరిహద్దున డుడుమా జలపాతం వద్ద నిర్మితమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించడం ఉత్తరాంధ్ర విద్యుదీకరణలో కీలక ఘట్టం. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. చీపురుపల్లి ప్రాంతంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘం పంపిణీ బాధ్యత వహించింది. ఈ విస్తరణకు కొలమానం కనెక్షన్ల సంఖ్య. ఇంటిలోపలి వైరింగ్ నాణ్యతను ఆ సంఖ్య తెలుపదు.

2. నిబంధనలు గీసిన సరిహద్దు
1910 నాటి భారత విద్యుత్ చట్టం కింద రూపొందిన 1956 నిబంధనలలో 33వది గమనార్హం. దాని ప్రకారం సరఫరా మొదలయ్యే చోట వినియోగదారునికి ఎర్త్ టెర్మినల్ ఏర్పాటు చేయడం సరఫరాదారు విధి. అక్కడి నుంచి లోపలి తీగలు ఇంటి యజమాని బాధ్యత. 61-ఎ నిబంధన ఎర్త్ లీకేజీ రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసినప్పటికీ, 5 కిలోవాట్లకు లోబడిన 250 వోల్టుల కనెక్షన్లకు మినహాయింపు ఇచ్చింది. ఒకటి రెండు దీపాలు, ఒక ఫ్యానుతో మొదలైన సామాన్య గృహాలు ఆ మినహాయింపులోనే ఉండిపోయాయి.

3. సాకెట్, నేల
భారతీయ ప్రమాణం ఐఎస్ 1293 నిర్దేశించే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగిలినవాటికంటె పొడవుగా, లావుగా ఉంటుంది. అది ముందుగా తగిలి, చివరగా విడివడుతుంది. అయితే సాకెట్‌లో మూడవ రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక తీగ ఉందని చెప్పలేము.

తీగ ఉన్నా నేల సహకరించాలి. వేసవిలో ఎండిన నేల నిరోధం పెరుగుతుంది. కళింగపట్నం వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలి లోహపు అతుకులను తినివేస్తుంది. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయడం నేల నిరోధాన్ని తగ్గించడానికే. ఎర్త్ మార్గం నిరోధం 20 ఓములైతే 230 వోల్టుల వద్ద 11.5 ఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తాయి. ఆ ప్రవాహానికి 15 ఆంపియర్ల ఫ్యూజు కరగదు. 30 మిల్లీఆంపియర్ల తేడాకే సరఫరా తెంచే లీకేజీ పరికరం విలువ ఇక్కడ స్పష్టమవుతుంది.

4. చక్రాలపై ఇల్లు
అమెరికాలో విహార వాహనాల వైరింగ్‌కు జాతీయ విద్యుత్ కోడ్‌లో 551వ అధికరణం ప్రత్యేకంగా ఉంది. రబ్బరు టైర్లపై నిలిచే వాహనానికి నేలతో నమ్మదగిన సంబంధం ఉండదు. సరఫరా కేబుల్‌లోని ఎర్త్ తీగే దానికి ఆధారం. అందువల్ల లోహపు చట్రాన్ని ఆ తీగకు కలుపుతారు, న్యూట్రల్‌ను మాత్రం చట్రానికి దూరంగా ఉంచుతారు. ఎర్త్ తీగ తెగి, లోపలి పరికరంలో ఇన్సులేషన్ దెబ్బతింటే వాహనం అంతటా విద్యుత్తు వ్యాపిస్తుంది. లోపల ఉన్నవారికి ఏమీ తెలియదు. తడినేలపై నిలిచి తలుపు పట్టుకొన్నవారే దెబ్బతింటారు.

విజయనగరం పైడితల్లి జాతర వంటి సందర్భాలలో రెండు తీగల ఎక్స్‌టెన్షన్‌తో దీపాలు వెలిగించుకొనే ఏ ఇనుప బండికైనా ఇదే సూత్రం వర్తిస్తుంది.

5. ముగింపు
వాహన గృహంలో ప్లగ్గు వద్ద కంటికి కనిపించే బాధ్యతా సరిహద్దు, స్థిర గృహంలో మీటరు వెనుక మరుగున పడింది. విద్యుత్తు గడపదాకా రావడాన్ని చరిత్ర నమోదు చేసింది. గడప లోపల మూడవ తీగ చేరిందా లేదా అన్నది ఇంటింటా పరీక్షించి నమోదు చేసినప్పుడే ఆ చరిత్ర పూర్ణమవుతుంది.