మెడకు కట్టే పట్టీ: పాంపేయి కుక్క నుంచి మన బాల్కనీ పిల్లి దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక చిన్న పట్టీ ఉంది. మీ ఇంట్లో కుక్క గానీ, పిల్లి గానీ ఉంటే దాని మెడకు ఇప్పుడు ఉన్నదే. కాలర్. వేల ఏళ్ల హిస్టరీ ఉన్న వస్తువు ఇది. ఆ హిస్టరీలో ఒక ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఏంటంటే, "ఇది ఎక్కడైనా ఇరుక్కుంటే ఎలా ఊడుతుంది?"

ముందు ఇటలీకి వెళ్దాం. క్రీస్తు శకం 79. వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది, పాంపేయి పట్టణం బూడిద కింద పడిపోయింది. ఆ బూడిద గట్టిపడ్డాక లోపల శరీరాలు కుళ్లిపోయి, వాటి ఆకారంలో ఖాళీలు మిగిలాయి. 1863లో జుసెప్పె ఫియొరెల్లి అనే ఆర్కియాలజిస్టు ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోసి ఆకారాలు బయటికి తీసే పద్ధతి మొదలుపెట్టాడు. 1874లో వెసోనియస్ ప్రైమస్ అనే ఆయన ఇంట్లో అలాగే ఒక కుక్క దొరికింది.

వెల్లకిలా మెలికలు తిరిగి, కాళ్లు పైకి లేపి ఉంటుంది. మెడకు కాలర్ కూడా కనిపిస్తుంది. దాన్ని గొలుసుతో కట్టేశారు. పైనుంచి రాళ్లు, బూడిద పడుతూ గుట్టగా పెరుగుతుంటే, కుక్క ఆ గుట్ట మీదకి ఎక్కుతూ పోయిందని చరిత్రకారులు అంటారు. గొలుసు పొడవు ఉన్నంతవరకే ఎక్కగలిగింది. ఆ తర్వాత ఇంక దారి లేదు.

ఆ ఇంట్లో వాళ్లు చెడ్డవాళ్లని మనం అనలేం. ప్రాణభయంతో పరుగెత్తేటప్పుడు గొలుసు ఎవరికి గుర్తుంటుంది? అసలు పాయింట్ అదే. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని విప్పితేనే ప్రాణం నిలిచే ఏర్పాటు, సరిగ్గా అవసరమైన రోజునే పని చేయదు.

సరే, అప్పటివాళ్లకి జంతువు మెడ గురించి ఆలోచనే లేదా? ఉంది. వర్రో అనే రోమన్ రచయిత దాదాపు ఎనభై ఏళ్ల వయసులో, క్రీస్తు పూర్వం 37 ప్రాంతంలో వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో మందకి కాపలా కాసే కుక్కల కాలర్ గురించి చెప్తాడు. గట్టి తోలు పట్టీ, దానికి మేకులు. తోడేలు గొంతు పట్టుకోబోతే దాని నోటికే గుచ్చుకోవాలి. అంతవరకు ఓకే. కానీ ఆ మేకుల తలల కింద మెత్తని తోలు కుట్టమంటాడు, ఇనుము కుక్క మెడని ఒరుసుకోకుండా. ఇంకో మాట కూడా అంటాడు. ఒక తోడేలుకి ఈ మేకులు గుచ్చుకున్నాయంటే, కాలర్ లేని మిగతా కుక్కలు కూడా సేఫ్ అట! హిమాచల్‌లో గద్దీ గొర్రెల కాపరులు చిరుతపులుల భయానికి ఈ రోజుకీ తమ కుక్కలకి ముళ్ల ఇనుప పట్టీలు కడతారు. అదే లాజిక్.

ఇంకా వెనక్కి వెళ్తే ఈజిప్టు. రాజుల లోయలో మైహర్‌ప్రి అనే పెద్దమనిషి సమాధిని 1899లో తెరిచారు. అందులో సుమారు 3,400 ఏళ్ల నాటి తోలు కుక్క కాలర్లు రెండు దొరికాయి. ఒకదాని మీద ఆ కుక్క పేరు కూడా ఉంది. అంటే నేమ్ ట్యాగ్ మన పెట్ షాపులు కనిపెట్టింది కాదు.

సో, కాలర్ చేసిన పనులు లెక్కేద్దాం. కట్టేయడానికి, కాపాడటానికి, ఎవరిదో చెప్పడానికి, అందం కోసం. నాలుగూ గట్టిగా ఉంటేనే జరిగే పనులు. అందుకే వేల ఏళ్లపాటు "గట్టి కాలర్ అంటే మంచి కాలర్" అనుకున్నారు.

ఇంజినీరింగ్‌లో ఫెయిల్ సేఫ్ అని ఒక ఐడియా ఉంది. ఏ వస్తువైనా ఒకరోజు ఫెయిల్ అవుతుంది. అప్పుడు ప్రమాదం తగ్గేలా ఫెయిల్ అవ్వాలి. రైలు బ్రేక్ పైపు తెగితే బ్రేకులు పోవు, వాటంతట అవే పడి రైలు ఆగిపోతుంది. పిల్లుల కోసం వచ్చిన బ్రేక్‌అవే కాలర్ సరిగ్గా ఇదే. గట్టిగా లాగితే దాని క్లిప్పు ఊడిపోతుంది. పిల్లి కిటికీ గ్రిల్‌కో, చెట్టు కొమ్మకో చిక్కుకుంటే కాలర్ పోతుంది, పిల్లి మిగులుతుంది. వందో రెండొందలో పెట్టి కొన్న పట్టీ పోయిందని బాధపడకండి, అది చేయాల్సిన పని అదే.

కుక్కల దగ్గర చిక్కు వేరే. వాకింగ్‌లో కాలర్ ఊడిపోతే కుక్క నేరుగా ట్రాఫిక్‌లోకి వెళ్తుంది. కాబట్టి బయటికి వెళ్లేటప్పుడు గట్టి కాలర్ లేదా ఒంటికి వేసే హార్నెస్, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, బోనులో పెట్టినప్పుడు కాలర్ తీసేయడం. రెండు కుక్కలు ఆడుకుంటూ ఒకదాని కింది దవడ ఇంకోదాని కాలర్‌లో ఇరుక్కోవడం తెలిసిన ప్రమాదమే. రెండూ భయంతో గింజుకుంటాయి, పట్టీ మెలి తిరిగి బిగుస్తుంది. అప్పుడు విడదీయడానికి లాగకండి. రెండింటినీ దగ్గరికి తోసి, పట్టీ వదులు చేసి, క్లిప్పు తీయండి లేదా కత్తిరించండి. లిఫ్టు తలుపులో లీష్ ఇరుక్కోవడం అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇంకో ముప్పు. ముందు కుక్క లోపలికి రావాలి, తర్వాతే బటన్.

ఇప్పుడు మన చట్టం వైపు చూద్దాం. నాట్యకారిణి, రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరుండేల్ 1950ల్లో జంతు హింస మీద ప్రైవేటు బిల్లు పెట్టారు. ఆ కృషి తర్వాత 1960లో జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం వచ్చింది. దాని సెక్షన్ 11లో గొలుసు గురించి స్పష్టంగా ఉంది. మరీ పొట్టిగా గానీ, మరీ బరువుగా గానీ ఉన్న గొలుసుతో అన్యాయంగా ఎక్కువసేపు కట్టేస్తే నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని కాస్త తిప్పకపోయినా నేరమే. మొదటిసారి అయితే ఆ చట్టంలో రాసిన జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. కాబట్టి చట్టం వచ్చి మీ కుక్కని కాపాడుతుందని కూర్చోకండి.

పాంపేయి మనకి దూరం అనిపిస్తుందేమో. కోస్తా వాళ్లకి అస్సలు దూరం కాదు. 1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తింది, వేలమంది మనుషులతోపాటు లెక్కలేనన్ని పశువులు పోయాయి. ఈ రోజు తుఫాను హెచ్చరిక వస్తే విపత్తు నిర్వహణ సూచనల్లో పశువుల కట్లు విప్పండి అనే మాట ఉంటుంది. తలుగు విప్పితే బతికే చాన్స్ దానికే దొరుకుతుంది. ఇంట్లో కట్టేసిన కుక్కకీ అదే రూల్.

కాలర్ ఒక్కటే కాదు, ఇంట్లో మిగతా ప్రమాదాలకీ ఇదే ఆలోచన పనికొస్తుంది. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ డాక్టర్లు 1987లో ఒక స్టడీ ప్రచురించారు. ఐదు నెలల్లో, బిల్డింగుల మీద నుంచి పడి వాళ్ల దగ్గరికి వచ్చిన 132 పిల్లుల గురించి. ట్రీట్‌మెంట్ చేసినవాటిలో 90 శాతం బతికాయి. దీన్ని పట్టుకుని చాలామంది "పిల్లి ఎంత పైనుంచి పడినా ఏం కాదు" అంటారు. ఆగండి. అక్కడికక్కడే చనిపోయిన పిల్లిని హాస్పిటల్‌కి ఎవరు తీసుకెళ్తారు? అవి ఆ లెక్కలో ఉండవు. కాబట్టి బాల్కనీకి నెట్ కట్టించండి. "నేను చూస్తూనే ఉంటాగా" అనేది నెట్ కాదు.

వంటగది కూడా అంతే. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి పడవు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి కూడా ప్రమాదమే. లిల్లీ పూలగుత్తి ఇంటికొస్తే పిల్లి కిడ్నీలు దెబ్బతినొచ్చు. మూత ఉన్న చెత్త డబ్బా, తలుపున్న అలమర. అంతే.

ఈ వీడియో అయ్యాక ఒక్క పని చేయండి. మీ పెట్ మెడ దగ్గర కాలర్ కింద రెండు వేళ్లు పెట్టి చూడండి. సులువుగా దూరాలి. దూరకపోతే బిగుతు. పిల్లి పిల్లలు, కుక్కపిల్లలు వారాల్లోనే పెరిగిపోతాయి, కాబట్టి ఆదివారం ఆదివారం చెక్ చేయండి. తర్వాత ఆ క్లిప్పు చీకట్లో, ఒక్క చేత్తో తీయగలరేమో ట్రై చేయండి. ఇంట్లో అమ్మానాన్నలకి, తాతయ్యకి కూడా చూపించండి. ఆ రోజు ఇంట్లో ఉండేది మీరే కావాలని లేదుగా.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.