డిస్పోజల్స్: సూలూరు నుంచి చకేరీ దాకా

యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని లారీలు, విమానాలు, యంత్రాలు, గుడారాలను అమ్మడం, తిరిగి అప్పగించడం, లేదా పనికిరాకుండా చేయడం. ఈ వ్యవహారమంతటికీ మన దేశంలో స్థిరపడిన పేరు డిస్పోజల్స్.

రెండో ప్రపంచ యుద్ధం కోయంబత్తూరు గడపలోకే వచ్చింది. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి తెలుగు కుటుంబాలు పాతుకుపోయిన ప్రాంతమిది. 1942లో బ్రిటిష్ నౌకాదళం ఇక్కడ విమానాల మరమ్మతు కేంద్రం పెట్టి ‘గరుడ’ అని పేరు పెట్టింది. 1945లో సూలూరు విమానాశ్రయం ‘వైరి’ అయింది. ఆ నౌకాదళం తన వైమానిక స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టేది. వైరి అంటే తమిళంలో ఒక జాతి డేగ. మన చెవికి మాత్రం శత్రువే! పక్కనే ఉన్న కలంగల్ ఆవిష్కర్త జి.డి. నాయుడు పుట్టిన ఊరు. ఏ యంత్రాన్నైనా విప్పి చూడందే నిద్రపోని మనిషికి ఇంటి పక్కనే విమానాల మరమ్మతు!

1946లో రెండు కేంద్రాలూ మూతపడ్డాయి. నౌకాదళం చేతిలోని కోర్సెయిర్ వంటి విమానాలు అమెరికా లెండ్-లీజ్ అనే యుద్ధకాల సాయం పథకం కింద ఇచ్చినవి. షరతు కఠినం: యుద్ధమయ్యాక వాటిని ఉంచుకోవాలంటే డబ్బు కట్టాలి, లేదంటే తిరిగివ్వాలి, అదీ కాకుంటే నాశనం చేయాలి. బ్రిటన్ ఖజానా అప్పటికే ఖాళీ. అందుకే ఆస్ట్రేలియా తీరంలో ఎన్నో విమానాలను ఓడల మీది నుంచి సముద్రంలోకి తోసేశారు. కొత్త ఇంజిన్లు ఉప్పునీళ్ల పాలు కావడం ఏ మెకానిక్కుకైనా కడుపు తరుక్కుపోయే సంగతి.

మన దేశంలో మిగిలిన సరుకు అమ్మకాన్ని ప్రభుత్వం ప్రత్యేక శాఖకు అప్పగించింది. డిస్పోజల్స్ అన్న మాట సర్కారు కొనుగోళ్ల సంస్థ ‘సప్లైస్ అండ్ డిస్పోజల్స్’ పేరులో 2017లో ఆ సంస్థ మూతపడేదాకా నిలిచింది.

పాడుచేసిందంతా పోలేదు. కాన్పూరు దగ్గర చకేరీలో బ్రిటిష్ వాయుసేన మళ్లీ ఎగరకుండా పనిగట్టుకుని చెడగొట్టి వదిలేసిన లిబరేటర్ బాంబర్లను బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్మికులు 1948 నుంచి బాగుచేశారు. అలా నలభైకి పైగా విమానాలు లేచాయి. అవి 1968 దాకా ఎగిరాయి. వాటిలో ఒకటి ఇప్పుడు బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. చెడగొట్టినవారే దాన్ని ప్రదర్శనకు పెట్టుకున్నారు.

‘గరుడ’ పేరును 1953లో భారత నౌకాదళం కొచ్చిలోని తన వైమానిక స్థావరానికి పెట్టుకుంది. సూలూరు భారత వాయుసేనకు దక్కింది. అక్కడి ఐదో బేస్ రిపేర్ డిపోలో నేటికీ విమానాలకు మరమ్మతులు జరుగుతున్నాయి.