కెన్నీవుడ్ రోలర్ కోస్టర్లు: నా పాత లిస్టు తప్పు

ఈ ఎపిసోడ్ ఒక దిద్దుబాటుతో మొదలుపెట్టాలి. 2019లో పిట్స్‌బర్గ్ దగ్గర కెన్నీవుడ్ పార్కుకి వెళ్లొచ్చిన ఉత్సాహంలో అక్కడి రోలర్ కోస్టర్లకి మార్కులేసి ఒక లిస్టు చెప్పాను, గుర్తుందా? ఎత్తు ఎంత, వేగం ఎంత, ఎన్నిసార్లు తలకిందులు చేస్తుంది, ఈ మూడు అంకెలు కూడి వరస పెట్టేశాను. అప్పుడే కొత్తగా తెరిచిన స్టీల్ కర్టెన్‌కి మొదటి స్థానం, వందేళ్ల జాక్ రాబిట్‌కి చివరి స్థానం ఇచ్చాను. ఆ లిస్టు తప్పు. 2025 జూలైలో నాన్నతో కలిసి మళ్లీ వెళ్లాక గానీ ఆ సంగతి నాకు తెలిసిరాలేదు.

పిట్స్‌బర్గ్ అంటే అమెరికాలో మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి. 1970ల్లో కట్టిన గుడి, ఈ దేశంలో మొదటి తరం గుళ్లలో ఒకటి. న్యూజెర్సీ నుంచీ, ఒహాయో నుంచీ కార్లేసుకుని వస్తారు. పొద్దున దర్శనం, మధ్యాహ్నం పులిహోర. పిల్లలున్న ఇళ్లలో తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇక్కడ పార్కేదైనా ఉందా? ఉంది. గుడి నుంచి కారులో అరగంట. చాలా తెలుగు కుటుంబాలు కెన్నీవుడ్‌కి చేరే దారి ఇదే, మాదీ అదే.

నాన్న సంగతి కొంచెం చెప్పాలి. విశాఖ ఉక్కులో రిటైరయ్యారు, బ్లాస్ట్ ఫర్నేస్ విభాగం. అక్కడి మూడు ఫర్నేసులకీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. నాన్న ఎక్కువకాలం చేసింది గోదావరి మీద. గుడి నుంచి పార్కుకి వెళ్లాలంటే ర్యాంకిన్ వంతెన మీద మొనాంగహీలా నది దాటాలి. వంతెన ఎక్కగానే ఒడ్డున తుప్పుపట్టిన రెండు పెద్ద బ్లాస్ట్ ఫర్నేసులు కనిపిస్తాయి. క్యారీ ఫర్నేసులంటారు, 1907లో కట్టినవి. ఇక్కడ కరిగిన ఇనుము నది దాటి హోంస్టెడ్ కర్మాగారానికి వెళ్లేది. 1980లు మొదలైన కొద్దికాలానికే ఇవి పూర్తిగా మూతపడ్డాయి, 1986లో హోంస్టెడ్ కూడా మూతపడింది. నాన్న కారు అద్దం దించి, "ఏటి, ఇలా వదిలేసారేటి?" అన్నారు. ఆ తర్వాత పార్కు గేటు దాకా మాట్లాడలేదు.

సరే, పార్కు కథలోకి వద్దాం. కెన్నీవుడ్ మొదలైంది 1898లో. పెట్టింది వినోదాల కంపెనీ కాదు, ట్రామ్ కంపెనీ. మొనాంగహీలా స్ట్రీట్ రైల్వే అని, మెలన్ బ్యాంకు కుటుంబం చేతిలో ఉండేది. అప్పట్లో ట్రామ్ కంపెనీలకి ఒక చిక్కు ఉండేది. వారం రోజులూ మిల్లులకి వెళ్లే కార్మికులతో బండ్లు నిండిపోయేవి, ఆదివారం మాత్రం ఖాళీ. అందుకని లైను చివర ఒక తోట, బ్యాండు, డాన్సు హాలు, నాలుగు ఆటలు పెట్టేసేవాళ్లు. జనం అక్కడికి రావాలన్నా, తిరిగి పోవాలన్నా టికెట్ కొనాల్సిందే కదా. ఇలాంటి ట్రాలీ పార్కులు అమెరికాలో వందల సంఖ్యలో ఉండేవి. కార్లొచ్చాయి, 1929 తర్వాత మాంద్యం వచ్చింది, ఎక్కువ భాగం పోయాయి. మిగిలిన కొద్దిపాటి వాటిలో ఇదొకటి.

ఇక స్థలం. కెన్నీ అనే రైతు కుటుంబం తోట అది, నది మీదికి వంగిన గట్టు. మధ్యమధ్యలో లోతైన వాగు లోయలు. ఇల్లు కట్టడానికి పనికిరాదు, పంటకి అసలే పనికిరాదు. నా పాత లిస్టు ఎందుకు తప్పో చెప్పాలంటే ఈ లోయల దగ్గరే మొదలుపెట్టాలి.

జాక్ రాబిట్ 1920లో వచ్చింది. డిజైన్ చేసింది జాన్ మిల్లర్, అమెరికన్ రోలర్ కోస్టర్ చరిత్రలో పెద్ద పేరు. కట్టడం ఎత్తు చూస్తే నలభై అడుగులే. 2019లో నేను చూసింది ఆ అంకె ఒక్కటే. కానీ మిల్లర్ లోయ అంచుని వాడుకున్నాడు. కట్టిన ఎత్తు నలభై, దూకే లోతు డెబ్భై. మిగతా పని కొండే చేసిపెట్టింది, ఒక్క దుంగ ఖర్చు లేకుండా.

రైడు చివర్లో డబుల్ డిప్ వస్తుంది. దిగుతూ దిగుతూ ఉన్న పట్టా మధ్యలో ఒక్క క్షణం చదునుగా అయి, మళ్లీ కిందికి పడిపోతుంది. ఆర్టీసీ బస్సులో వెనక సీట్లో కూర్చున్నప్పుడు డ్రైవర్ స్పీడ్ బ్రేకర్ చూసుకోకుండా లాగించేస్తే ఏమవుతుంది? తల టాపుకి తగులుతుంది. ఇదీ అదే లెక్క. బండి కిందికి పోతుంది, మనిషి ఇంకా ముందు దారిలోనే ఉంటాడు. సీటుకీ మనకీ మధ్య గాలి. ఆఖరి వరస సీట్లు అడిగి మరీ కూర్చోండి. ముందు పెట్టెలు అంచు దాటి కిందికి లాగుతుంటే వెనక పెట్టె అంచు మీదికి ఇంకా వేగంగా వస్తుంది, అందుకే అక్కడ ఎక్కువ లేపుతుంది.

మనుషులు లేస్తే సరే, బండే పట్టాల మీంచి లేస్తే? మిల్లర్‌కి ముందు వాళ్లకి ఇదే భయం. అందుకే అంతకుముందు కోస్టర్లు మెల్లగా, మెత్తగా దిగేవి. 1919లో మిల్లర్ ఒక పేటెంట్ తీసుకున్నాడు: పట్టా కింది వైపు నుంచి పట్టుకునే ఇంకో చక్రం. పైన బరువు మోసే చక్రం, పక్కన నడిపే చక్రం, కింద లేవనివ్వని చక్రం. ఇవాళ మీరెక్కే ప్రతి పెద్ద రోలర్ కోస్టర్‌కీ, హైదరాబాద్ వండర్‌లాలో ఉన్నదానికి కూడా, ఈ కింది చక్రం ఉంటుంది. అది వచ్చాకే నిటారుగా దూకే ధైర్యం వచ్చింది. జాక్ రాబిట్ ఆ ధైర్యానికి తొలి సంతానాల్లో ఒకటి, ఇంకా అదే చోట తిరుగుతోంది.

ఇదంతా నాకు పుస్తకాల్లో తెలుసు. చూపించింది మాత్రం నాన్న. క్యూలో నిలబడి బండి స్టేషన్లోకి వస్తుంటే వంగి చూశారు. "కింద కూడా చక్రం ఉందిరా," అన్నారు, నాకు తెలియదేమో అన్నట్టు. పట్టా చూసి, "పైన ఇనప పట్టీ, కింద చెక్క పొరలు. ఇది రోజూ చూసుకోపోతే నడవదు." నిజమే, చెక్క కోస్టర్లకి పొద్దున్నే పార్కు తెరవకముందు మనుషులు పట్టా వెంట నడిచి చూసుకుంటారు. మార్కులు ఎన్ని వేస్తారని అడిగితే నాన్న, "నీకూ నాకూ ఎందుకు మార్కులు, పొద్దున్నే దాని మీద నడిచినోడికి వెయ్యి," అన్నారు.

జాక్ రాబిట్‌కి ఇప్పుడు నేనిచ్చేది పదికి పది.

తర్వాత థండర్‌బోల్ట్. 1924లో పిప్పిన్ అనే పేరుతో మిల్లరే కట్టాడు. 1968లో ఆండీ వెటెల్ అనే ఆయన దాని లోయ భాగాన్ని అలాగే ఉంచి, ముందు భాగం తీసేసి, చుట్టలు తిరిగే మలుపులు కలిపి కొత్త పేరు పెట్టాడు. దీని విచిత్రం ఏమిటంటే, ఎక్కగానే గొలుసు మీద టకటకమంటూ పైకి లాగడం ఉండదు. స్టేషన్ దాటిన మరుక్షణం లోయలోకి పడేస్తుంది. గొలుసు రైడు మధ్యలో వస్తుంది. పెద్ద దూకుడు చివరికి, సుమారు తొంభై అడుగులు.

కోస్టర్లకి వరస పెట్టే అలవాటు గురించి ఇక్కడొక మాట చెప్పాలి. 1974లో రాబర్ట్ కార్ట్‌మెల్ అనే ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో దేశంలోని రోలర్ కోస్టర్ల మీద వ్యాసం రాసి, ఈ థండర్‌బోల్ట్‌ని మొదటి స్థానంలో పెట్టాడు. ఆ రోజుల్లో చెక్క కోస్టర్లు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. ఎక్కడో మిల్లు ఊళ్ల మధ్య ఉన్న పార్కు పేరు దేశమంతా తెలిసింది. అంటే నాలాంటి వాళ్ల లిస్టులకి తాతగారు ఈయనే అనుకోవచ్చు. ఆయన అంకెలు కూడలేదు, ఎక్కి చూశాడు.

థండర్‌బోల్ట్‌కి ఇంకో నియమం ఉంది: ఒంటరిగా ఎక్కనివ్వరు. మలుపుల్లో మనిషిని ఒక పక్కకి విసిరేస్తుంది కాబట్టి సీటుకి ఇద్దరు ఉండాలి. నాకు జత లేదు. నాన్న హెచ్చరిక బోర్డు మొదటి నుంచి చివరిదాకా చదివి, బీపీ లేదు, నడుంనొప్పి లేదు అని తేల్చుకుని, "పద," అన్నారు. మలుపుల్లో ఆయన బరువంతా నా మీదే. చిన్నప్పుడు గాజువాక నుంచి స్కూటర్ మీద వెళ్లేటప్పుడు నేను ఆయన వీపుకి ఆనుకున్నదానికి వడ్డీతో సహా తీర్చారు. దిగాక నడుం పట్టుకున్నారు గానీ నవ్వుతూనే ఉన్నారు. పదికి తొమ్మిది.

రేసర్, 1927, ఇదీ మిల్లర్‌దే. రెండు బండ్లు పక్కపక్కన పందెం. కానీ పట్టా ఒకటే, మెలితిప్పిన పట్టీలాగా చుట్టుకుని వస్తుంది. ఎడమ వైపు ఎక్కితే కుడి వైపు దిగుతారు. ప్రపంచంలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది భయపెట్టదు, పక్క బండివాళ్లని వెక్కిరించడానికి బాగుంటుంది. ఏడు.

ఇక ఉక్కు కోస్టర్లు. 1991లో స్టీల్ ఫాంటమ్ పెట్టారు. అప్పటికి ప్రపంచంలో అత్యంత వేగవంతమైనది, గంటకు 80 మైళ్లు. దీనికీ లోయే ఆధారం: రెండో దూకుడు మొదటిదానికన్నా పెద్దది, 225 అడుగులు, అదీ థండర్‌బోల్ట్ చెక్క దూలాల మధ్య నుంచి. అయితే దానికి నాలుగు తలకిందుల మలుపులు కూడా పెట్టారు. ఆ వేగానికి అవి సరిపడక తలలు అటూ ఇటూ కొట్టుకునేవి. 2000 సీజన్ తర్వాత ఆ మలుపులన్నీ పీకేసి, దూకుడుని 232 అడుగులు చేసి, వేగం 85కి పెంచి, 2001లో ఫాంటమ్స్ రివెంజ్ అని తెరిచారు. తలకిందులు తీసేస్తే రైడు బాగుపడింది! నా పాత పద్ధతిలో అయితే నాలుగు మార్కులు తగ్గించేవాణ్ణి. తొమ్మిదిన్నర ఇస్తున్నాను.

స్కై రాకెట్, 2010. చిన్నది, ఠక్కున లేపి వదులుతుంది. ఆరు. అంతకన్నా దాని గురించి చెప్పేదేం లేదు.

స్టీల్ కర్టెన్, 2019. 220 అడుగుల ఎత్తు, తొమ్మిది తలకిందులు, అందులో ఒకటి 197 అడుగుల మీద. రికార్డుల కోసమే కట్టినట్టు ఉంటుంది. 2024 సీజనంతా మూసి ఉంచి మార్పులు చేశారు. నా మార్కులు మార్పులకి ముందు ఎక్కినప్పటివని గమనించండి. లోయతో దీనికి పని లేదు, ఏ ఊళ్లో చదును నేల మీద పెట్టినా ఇలాగే ఉంటుంది. ఆరున్నర. పేరు ఉక్కుదే గానీ మిల్లు మీదుగా వచ్చింది కాదు, 1970ల స్టీలర్స్ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్‌కి ఉన్న ముద్దుపేరు.

ఫాంటమ్ దగ్గర నిలబడితే నది అవతల బ్రాడక్‌లో పొగ కనిపిస్తుంది. అది ఎడ్గర్ థామ్సన్ వర్క్స్, ఆండ్రూ కార్నెగీ 1875లో తెరిచిన మిల్లు. మొదట చేసింది రైలు పట్టాలే. ఇంకా నడుస్తోంది. నాన్న రైడు ఎక్కనని కటకటా పట్టుకుని నేను దిగేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయారు. "ఇది బతికే ఉంది," అన్నారు. ఎవరిది అని అడిగారు. అంతకుముందు నెలలోనే జపాన్ నిప్పన్ స్టీల్ చేతికి వెళ్లిందని చెప్పాను. మనం నిలబడిన పార్కూ అంతే: 2007 దాకా రెండు కుటుంబాలది, తర్వాత స్పెయిన్ కంపెనీది, 2025లో మళ్లీ ఇంకొకరిది.

ఈ లోయ మిల్లుల కార్మికులు తమ పిల్లల్ని బడి పిక్నిక్‌లకీ, తమ తమ జాతుల పండగలకీ తీసుకొచ్చిన చోటు ఇది. హోంస్టెడ్ 1986లో మూతపడింది, మరుసటి ఏడు 1987లో కెన్నీవుడ్‌ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. పని పోయింది, పని మానుకుని ఆడుకున్న చోటు నిలిచింది. దీన్ని నాన్నకి తేదీలతో సహా వివరించి చెప్పాను, చరిత్ర చెప్పేవాడిని కదా, నోరు ఊరుకోదు. ఆయన విని, "మనదీ అలాగే అయితే ఏం మిగుల్చుతారు మరి?" అని అడిగారు. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చినప్పటి నుంచీ ఆయన ఫోన్లో ఆ గ్రూపు మెసేజీలు ఆగలేదు. నా దగ్గర సమాధానం లేదు.

సాయంత్రం అయింది, ఇంకో రైడుకి టైముంది. ఏది ఎక్కుదాం అంటే నాన్న జాక్ రాబిట్ వైపే నడిచారు. ఈసారి ఆఖరి వరస.