మా నాన్న దిగిన రోడ్డు

చదువుకోడానికి షార్జా వచ్చిన కొత్తలో నాకు కారు లేదు, రోజూ టాక్సీ ఎక్కే స్తోమతా లేదు. రోలాలో రూము. ఊరంతా నడిచే చూశా. మనోళ్లు "రోలా పార్కు దగ్గర కలుద్దాం" అంటుంటారు గదా, ఇక్కడి అరబీలో రోలా అంటే మర్రిచెట్టు. అక్కడ నిజంగానే ఓ పెద్ద మర్రి ఉండేది, పండగలకి జనమంతా దాని నీడన చేరేవాళ్లు. 1978లో చచ్చిపోయింది. ఇప్పుడున్నది దాని గుర్తుగా కట్టిన స్మారకం.

మా నాన్న మొదటిసారి గల్ఫ్‌కొచ్చింది 1976 జూన్‌లో, షార్జాకే. ఆయన దిగిన ఎయిర్‌పోర్టు చూడాలని ఓ మధ్యాహ్నం అల్ మహత్తా మ్యూజియానికి నడిచా. లండన్ నుంచి ఇండియా వెళ్లే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు రాత్రికి ఆగడానికి 1932లో మొదలైన మజిలీ అది. ప్రయాణికులు పడుకునే బిల్డింగు అచ్చం కోటలా ఉంటుంది. 1977లో ఎయిర్‌పోర్టు ఊరి బయటికి మారిపోయింది. మరి రన్‌వే ఏదని అడిగితే, గార్డు బయటికి చెయ్యి చూపించాడు. కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్! నేను నడిచొచ్చిన రోడ్డే.

అక్కణ్ణుంచే నాన్నకి ఫోన్ చేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. "మెట్లు దిగ్గానే చెప్పుల్లోంచి వేడి తగిలింది రా," అన్నాడు. "ఇంకా అట్లాగే ఉందా?"