రేకపల్లి 1879: ఆకరాల విమర్శనాత్మక పఠనం, వ్యాస నిర్మాణం

వ్యాససంగ్రహం:
భద్రాచలం మన్యంలోని రేకపల్లి ప్రాంతం 1860 తరువాత పలుమార్లు పాలన మారింది. అందువల్ల దాని చరిత్రకు ఆధారమైన పత్రాలు వేర్వేరు ప్రభుత్వాల అవసరాల కోసం, వేర్వేరు భాషల్లో తయారయ్యాయి. 1879 నాటి రంప తిరుగుబాటు రేకపల్లికి విస్తరించిన ఘట్టాన్ని ఉదాహరణగా తీసుకొని, ఆకరాన్ని విమర్శనాత్మకంగా చదవడానికీ, చదివిన విషయాన్ని వ్యాసంగా అమర్చడానికీ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రేకపల్లి, భద్రాచలం మన్యం, రంప తిరుగుబాటు, పోడు, ఆకర విమర్శ, పరిశోధన రచన.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సిద్ధాంతగ్రంథాల్లో పూర్వపరిశోధనల సమీక్ష చాలాసార్లు జాబితాగా మిగిలిపోతోంది. ఒక గ్రంథకర్త ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు అంటూ పేరాలు వరసగా సాగుతాయి. ఆ ఇద్దరి మాటలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో తేలదు. దీన్ని రచనాలోపంగా భావించి వాక్యాలు దిద్దుతుంటాం. నిజానికి లోపం అంతకుముందే, చదివే దశలోనే మొదలవుతుంది. ఆకరాన్ని ప్రశ్నించకుండా చదివినవారికి జాబితా తప్ప మరో అమరిక దొరకదు. ఈ విషయాన్ని ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దు చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

2. ఒకే ప్రాంతం, పలు పాలనలు:
గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను నిజాం 1860 ఒప్పందంతో బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పగించాడు. అవి మధ్యపరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో చేరాయి. 1874లో మద్రాసు రాజధానికి చెందిన గోదావరి జిల్లాకు మారాయి. 1959లో భద్రాచలం తాలూకాను తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో రేకపల్లి ఉన్న వరరామచంద్రాపురం మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది.

ఈ మార్పులు గుర్తుపెట్టుకోకపోతే సరైన వాక్యం కూడా తప్పుదారి పట్టిస్తుంది. "ఖమ్మం మన్యంలో గిరిజనుల భూమికి 1917 నుంచి చట్టరక్షణ ఉంది" అని ఎవరైనా రాస్తే, అది ఎడమగట్టుకే వర్తిస్తుంది. 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం మద్రాసు ప్రభుత్వం చేసినది. నదికి ఇవతల ఉన్న పాల్వంచ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. అక్కడ గిరిజన ప్రాంతాల నిబంధన ఫసలీ 1356లో వచ్చింది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం 1946 అవుతుంది. నేటి జిల్లా పటాన్ని నాటి కాలంపై పరచిన పరిశోధకునికి ఈ మూడు దశాబ్దాల అంతరం కనిపించదు.

3. ఒకే గ్రంథంలో రెండు కారణాలు:
రంప తిరుగుబాటు 1879 మార్చిలో మొదలై, జులై నాటికి రేకపల్లి ప్రాంతానికి పాకింది. దీనికి పరిశోధకులు తరచుగా ఆశ్రయించే ఆకరం ఎఫ్. ఆర్. హెమింగ్వే రూపొందించిన గోదావరి జిల్లా గెజిటీరు (1907). రంప విషయంలో అది చెప్పే కారణాలు మన్సబ్‌దారు దోపిడీ, కల్లుపై చిగురుపన్ను, కొత్త ఆబ్కారీ ఏర్పాట్లు, పోలీసుల వేధింపులు. రెవెన్యూ బోర్డు సభ్యుడు సులివాన్ జరిపిన విచారణ కూడా మన్సబ్‌దారు బాధ్యతను ఎత్తిచూపింది. అతణ్ణి పదవి నుంచి తొలగించారు.

రేకపల్లి దగ్గరికి వచ్చేసరికి అదే గెజిటీరు మరో కారణం చెబుతుంది. మధ్యపరగణాల పాలనలో గొడ్డలికి 4 అణాల చొప్పున చెల్లించి, ఒక మనిషి ఆ గొడ్డలితో నరకగలిగినంత మేర పోడు చేసుకునేవాడు. మద్రాసు పాలనలోకి వచ్చాక ఆ పన్ను దాదాపు మూడు రెట్లయింది. కొన్ని అటవీ భాగాల్లో పోడును నిషేధించారు.

ఈ రెండు కారణాలను పక్కపక్కన పెట్టి చూడాలి. రేకపల్లి రంప మన్సబ్‌దారు అధికారపరిధిలోనిది కాదు. ఆబ్కారీ విధానం ప్రభుత్వానిదే అయినా, రంపలో నిందను మోయడానికి మన్సబ్‌దారు ఒకడున్నాడు. రేకపల్లిలో అటువంటి మధ్యవర్తి లేడు. అక్కడ పన్ను పెంచినదీ, అడవిని మూసినదీ ప్రభుత్వమే. "రంప తిరుగుబాటుకు కారణం మన్సబ్‌దారు అకృత్యాలు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే భద్రాచలం మన్యం చరిత్రలోంచి జారిపోతుంది. ప్రభుత్వ బాధ్యత కూడా దానితోపాటే జారిపోతుంది. ఈ వ్యాసకర్త సైతం తొలినాటి సదస్సు పత్రంలో ఆ వాక్యాన్నే రాయడం జరిగింది. గెజిటీరు చేతిలోనే ఉంది. అందులో కావలసిన పేజీని చదివి, పక్క పేజీని వదిలివేయడమే ఆ పొరపాటుకు మూలం.

అలాగని రెండో పేజీని కూడా ప్రశ్నించకుండా అంగీకరించకూడదు. 4 అణాల కాలాన్ని స్వర్ణయుగంగా భావించే ముందు ఆ మాట ఏ పాలన నాటి గ్రంథంలో ఉందో గమనించాలి. మధ్యపరగణాల గురించి మద్రాసు అధికారి చెప్పిన మాటను నాగపూర్ కేంద్రంగా సాగిన పాలనాపత్రాలతో సరిచూడవలసి ఉంటుంది.

4. ఆకరం చెప్పగలిగినది, చెప్పలేనిది:
దుమ్ముగూడెంలో పనిచేసిన క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1870లలో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశాడు. అతడు ఆ కాలపువాడు, ఆ చోట నివసించినవాడు, కోయ భాష నేర్చినవాడు. ఇది అతని రచనకున్న బలం. మతప్రచారకునిగా ఏ ఆచారాలు అతని దృష్టిని ఆకర్షించాయి, వేటిని అతడు దాటవేశాడు అన్నది అడగవలసిన ప్రశ్న.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పాపికొండల ప్రాంతపు కొండరెడ్లపై రాసిన గ్రంథం 1945లో వెలువడింది. కలప, వెదురు వ్యాపారుల చేతిలో కొండరెడ్లు అప్పులపాలైన తీరును అది నమోదు చేసింది. అయితే అది 1940ల నాటి సాక్ష్యం. దాన్ని 1879కి ఆధారంగా వాడితే, ఆ ఆరు దశాబ్దాల్లో అడవి ప్రజల జీవితం మారలేదని చెప్పినట్లవుతుంది. గిరిజన సమాజాలను కాలానికి అతీతమైనవిగా చూపే ధోరణి ఇటువంటి ఉదాహరింపుల ద్వారానే మన రచనల్లోకి ప్రవేశిస్తుంది.

పదాలకూ ఇదే పరీక్ష అవసరం. ఆంగ్ల అధికారులు ఈ తిరుగుబాట్లను 'పితూరి' అన్నారు. నేటి తెలుగులో పితూరీ అంటే ఒకరిపై మరొకరు చేసే ఫిర్యాదు, చాడీ. అధికారి దృష్టిలో అది శాంతిభద్రతల సమస్య. పోడు కోల్పోయినవాని దృష్టిలో అది బతుకుతెరువు సమస్య. ఆ పదాన్ని వాడకూడదని కాదు. అది ఎవరి పదమో చెప్పి వాడాలి.

5. చదివినదాన్ని అమర్చడం:
పై ఆకరాలను గ్రంథకర్తల వారీగా అమర్చితే కెయిన్, హెమింగ్వే, హైమన్‌డార్ఫ్ అని మూడు విభాగాలు ఏర్పడతాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వాటినే ప్రశ్నల వారీగా అమర్చవచ్చు: పోడుపై ఎవరి అధికారం చెల్లింది? పాలన మారినప్పుడు పన్ను ఎలా మారింది? నింద ఎవరిపై పడింది? మన్యం ప్రజల సొంత మాట ఎక్కడ వినిపిస్తుంది? ప్రతి ప్రశ్న కింద రెండు మూడు ఆకరాలు ఎదురుపడతాయి. వాటి విభేదమే పరిశోధకుని వాదానికి చోటిస్తుంది.

ఇందుకు నోట్సు రాసుకునే దశలోనే సిద్ధం కావాలి. ప్రతి చీటీపై ఉదాహరణతోపాటు రచయిత హోదా, రాసిన సంవత్సరం, అప్పటి పాలన, ఆ భాగం ఏ ప్రశ్నకు జవాబో రాసుకోవాలి. పేరాలో ముందు ప్రతిపాదన, తరువాత ఆధారం, చివర ఆ ఆధారపు పరిమితి రావాలి. మన రచనల్లో తరచుగా లోపించేది ఈ మూడోదే.

6. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. 1879 తిరుగుబాటుకు రంపలోనూ, రేకపల్లిలోనూ కారణాలు ఒకటి కావు. రేకపల్లిలో పాలనమార్పు వెంట వచ్చిన పోడు విధానం ప్రధానమైనది.
2. భద్రాచలం మన్యంపై ఆకరాన్ని వాడేముందు అది ఏ పాలనలో, ఎవరి కోసం తయారైందో నిర్ధారించాలి.
3. అధ్యాయ విభజన ప్రశ్నలను అనుసరిస్తే ఆకరాల మధ్య వైరుధ్యం బయటపడుతుంది.

ఈ జాగ్రత్త పరీక్షకుల మెప్పు కోసం మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద రూపొందిన నియమాలు గెజిటీర్లను, పరిశోధన అధ్యయనాలను, పెద్దల వాఙ్మూలాలను హక్కు నిరూపణకు సాక్ష్యాలుగా గుర్తించాయి. గొడ్డలికి 4 అణాలు చెల్లించి పోడు చేసిన మనుషుల గురించి మనం రాసే వాక్యం రేపు వారి వారసుల దరఖాస్తుకు జతపడవచ్చు. ఆ కోయ, కొండరెడ్డి కుటుంబాల పిల్లలు ఈనాడు మన తరగతి గదుల్లోనే కూర్చుంటున్నారు. వారికి గెజిటీరు చదవడం నేర్పేటప్పుడు పక్క పేజీ కూడా తిప్పించడం అధ్యాపకుల బాధ్యత.